బాగుందన్నవాడు కొనడు

మా వైపు ఇల్లు అమ్మకానికి పెడితే గోడకు బోర్డు కట్టరు. బోర్డు కనిపించిందంటే సాయంత్రానికల్లా ‘పాపం, అప్పులంట’ అని వీధిలో ఒక కథ తయారవుతుంది. అందుకే మార్కాపురమైనా, కంభమైనా, గిద్దలూరైనా కబురు నోటిమీదే నడుస్తుంది. టీ కొట్టు దగ్గర ఒకరి చెవినా, డాక్యుమెంట్ రైటరు చెవినా, తెలిసిన మేస్త్రి చెవినా వేస్తాం. ఆ తర్వాత మనుషులు రావడం మొదలవుతుంది. మా చుట్టాల్లో పెద్దవాళ్లంతా పిల్లల దగ్గరికి ఒంగోలో హైదరాబాదో వెళ్లిపోయారు. ఎవరి ఇల్లు అమ్మాలన్నా తాళంచెవులు నా చేతికే వచ్చేవి. అలా వచ్చేపోయే వాళ్లను గమనించడం అలవాటైంది. చెప్పాలంటే సరదా కూడా అయింది.

ఈ పనిలో నోటిని నమ్మకూడదు. గుమ్మంలో అడుగుపెడుతూనే ‘బ్రహ్మాండంగా ఉందండీ, గాలీ వెలుతురూ...’ అని మొదలుపెట్టేవాళ్లు కాఫీ తాగి వెళ్తే మళ్లీ కనిపించరు. ఆ మెచ్చుకోలు సెలవు తీసుకునే మర్యాద. కొనాలనుకున్నవాడు మెచ్చుకోడు, మెచ్చుకుంటే ధర దిగదని అతనికి తెలుసు. మెట్లు ఎత్తుగా ఉన్నాయంటాడు, వంటిల్లు ఇరుకంటాడు. సంతలో ఎద్దుల బేరం చూసినవాళ్లకు ఇది కొత్త కాదు. తువ్వాలు కింద వేళ్లు పట్టుకుని ధర మాట్లాడుకునేటప్పుడు కొనే రైతు ముఖం అసలు ఎద్దే నచ్చనట్టు పెడతాడు, చెయ్యి మాత్రం వదలడు. ఇల్లు చూడ్డానికి వచ్చినవాళ్లలో కనిపెట్టాల్సింది ఆ వదలని చేతినే.

గిద్దలూరులో మా పెద్దమ్మ వాళ్ల చవుడు మిద్దె చూడ్డానికి ఒక బేల్దారి మేస్త్రి వచ్చాడు. వానలు మొహం చాటేసిన ఏళ్లలో ఇక్కడి నుంచి బెంగళూరుకూ హైదరాబాదుకూ బేల్దారి పనికి వలస పోయినవాళ్లు ఎందరో. ఊళ్లుకాని ఊళ్లలో పరాయివాళ్లకు అపార్ట్‌మెంట్లు కట్టి, నాలుగు డబ్బులు వెనకేసుకుని, సొంతూళ్లో ఇల్లు కొనుక్కుందామని వచ్చే ఇలాంటివాళ్లంటే నాకు గౌరవం. అతను వచ్చీ రాగానే మాట్లాడలేదు. వేలి కణుపుతో గోడమీద కొట్టుకుంటూ నడిచాడు. ఒకచోట చప్పుడు డొల్లగా వచ్చింది. అక్కడ ఆగి, నావైపు ఒక్క చూపు చూసి, మళ్లీ నడిచాడు. తలెత్తి దూలాల చివరలు గోడలోకి దిగేచోటు చూశాడు. చెదలు మొదలయ్యేది అక్కడే. జేబులోంచి బండి తాళంచెవి తీసి, స్టూలెక్కి, దూలాన్ని గుచ్చాడు. పొడి రాలలేదు. ఒక మూలన మాత్రం సున్నం మిగతాచోట్ల కన్నా తెల్లగా ఉంది.

‘ఈడ కారిందా అన్నా?’

‘కారింది. పైన చవుడు కొత్తగా పోయించాం.’

తలూపాడు. బయటికి వచ్చాక మాత్రం, ‘పాత మిద్దె, పడగొట్టాల్సిందేగా, దీనికేం ధర?’ అన్నాడు. పడగొట్టేవాడికి దూలం పుచ్చితే ఏం, పుచ్చకపోతే ఏం? (కలప అమ్ముకునే ఆలోచన ఉందేమో అనొచ్చు. అలాంటివాడు సున్నం సంగతి అడగడు.) నేను ధర దించలేదు. కొన్నాళ్లకు భార్యను వెంటబెట్టుకుని వచ్చాడు. ఆమె వంటింట్లో గట్టు దగ్గర నిలబడి, కిటికీ తెరిచి మూసి, లోపలి గది గుమ్మం దగ్గర జేనతో కొలిచింది. ‘మన బీరువా ఇందులోంచి పట్టదేమో’ అంది. ఆ మాటతో నాకు బేరం కుదిరినట్టే అనిపించింది. పరాయి ఇంట్లో ఎవరికీ తమ బీరువా గుర్తుకురాదు.

ఇక నీళ్లు. మా ప్రాంతంలో ఇల్లు చూడడమంటే సగం నీళ్లు చూడడమే. శ్రీశైలం జలాశయం నుంచి కొండల కింద సొరంగాలు తవ్వి నీళ్లు తెచ్చే వెలిగొండ ప్రాజెక్టుకు 1996లో శంకుస్థాపన జరిగింది. ఆనాడు పుట్టిన పిల్లలు పెళ్లిళ్లు చేసుకుని ఇళ్లు వెతుక్కుంటున్నారు, మేం ఇంకా బోరు లోతు గురించే మాట్లాడుకుంటున్నాం. ‘బోరు ఎన్నడుగులు?’ అని అందరూ అడుగుతారు, దాన్నిబట్టి ఏమీ తేలదు. ‘మే నెలలో ఎంతసేపు పోస్తుంది?’ అని అడిగాడంటే అతను ఆ ఇంట్లో కాపురం చేయబోతున్నాడని లెక్క. కొళాయి తిప్పి దోసిట్లో పట్టి చప్పరించేవాళ్లున్నారు. ఇంకా గట్టివాళ్లు నీళ్లు కాచే గిన్నె అడుగున సుద్ద పేరుకుందా అని చూస్తారు. ఫ్లోరైడ్ మాత్రం నాలుకకు తెలియదు. తాగే నీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రమాణం. ఆ విషయం తెలిసి, సీసా తెచ్చుకుని పరీక్షకు నీళ్లు పట్టుకెళ్లినవాడితో ధర గట్టిగా మాట్లాడొచ్చు, అతను సరదాకి వచ్చినవాడు కాదు.

‘ఎందుకు అమ్ముతున్నారు?’ అన్న ప్రశ్న ఒకసారి అడిగితే కుశలప్రశ్న. మాట మార్చి మార్చి మూడుసార్లు అడిగితే మన అవసరం ఎంత తొందరదో తూకం వేస్తున్నారు. నిజమే చెప్పాలి, తొందర చూపకూడదు. ‘చుట్టుపక్కల ఎవరుంటారు?’ అన్నది ఇంకో ప్రశ్న. కులం అడుగుతున్నారని ఇద్దరికీ తెలుసు. ‘అటు టీచరమ్మ, ఇటు ఆర్టీసీ కండక్టరు’ అని చెప్పి ఊరుకుంటాను. అంతకుమించి కావాలంటే వాళ్లే కనుక్కోవాలి. ఆ పనికి నేను తాళంచెవి పట్టుకుని రాలేదు.

కాగితాల దగ్గర మనుషులు బాగా బయటపడతారు. పట్నం నుంచి వచ్చినవాళ్లు లింకు డాక్యుమెంట్లు చూసి ‘ఇదేంటి, కర్నూలు జిల్లా అని ఉంది?’ అని ఉలిక్కిపడతారు. మార్కాపురం, గిద్దలూరు 1970 దాకా కర్నూలు జిల్లాలోవే. ఆ ఏడాది ఒంగోలు జిల్లా ఏర్పడితే ఇటు వచ్చాయి, 1972లో దానికే ప్రకాశం పేరు పెట్టారు. 2025 చివర్లో మార్కాపురమే జిల్లా కేంద్రమైంది. ఒక్క అంగుళం కదలని ఇంటికి నాలుగు జిల్లాల పేర్లు! ఇదంతా ఓపిగ్గా విని, ‘అయితే ఈసీ ఎప్పటినుంచి తీయించాలి?’ అని అడిగేవాడు పనికొచ్చే మనిషి.

జిల్లా మాట వచ్చాక కొత్తరకం మనుషులు తిరుగుతున్నారు. వీళ్లు చెప్పులు విప్పరు. వీధిలోనే నిలబడి రోడ్డు ఎన్నడుగులు, స్థలం ఎన్ని సెంట్లు అని అడిగి వెళ్తారు. వీళ్లలోనే మరో బాపతు ఉంది, ధర దగ్గర పెద్దగా పట్టుబట్టరు, గడువు దగ్గర పట్టుబడతారు. మూడు నెలలు చాలవు, ఆరు నెలలు కావాలంటారు. అక్కడికక్కడే పదివేలు తీసి ‘ఇది ఉంచండి, నోటిమాట’ అంటారు. అగ్రిమెంటు చేతిలో పెట్టుకుని, రిజిస్ట్రేషన్ లోపు ఇంకొకరికి తిప్పి అమ్ముకునే పద్ధతిది. అది నేరమని నేననను, కానీ పార్టీ దొరకకపోతే గడువంతా మన ఇల్లు ఖాళీగా పడి ఉంటుంది. 2015 జూన్ నుంచి ఇల్లు, స్థలం బేరాల్లో ఇరవై వేలు, ఆపైన అడ్వాన్సు నగదుగా తీసుకోకూడదు. ‘బ్యాంకులో వేయండి’ అన్నప్పుడు ఎవరి ముఖం ఎలా మారుతుందో చూస్తే చాలా తెలుస్తుంది.

చూడ్డానికి వచ్చినవాళ్లతోపాటు తీసుకొచ్చిన మధ్యవర్తిని కూడా చూడాలి. షికాగో పరిసరాల్లోని ఇళ్ల అమ్మకాలను పరిశీలించిన లెవిట్, సివర్సన్ అనే ఆర్థికవేత్తలు 2008లో ఒక సంగతి అచ్చువేశారు. ఏజెంట్లు సొంత ఇల్లు అమ్ముకునేటప్పుడు సగటున తొమ్మిదిన్నర రోజులు ఎక్కువ ఆగి, 3.7 శాతం ఎక్కువ ధర తెచ్చుకుంటున్నారట. మన ఇంటి విషయంలో మాత్రం ‘ఇంతకన్నా రాదు సార్, ఇచ్చేయండి’ అంటారు. మార్కాపురం అయినా షికాగో అయినా కమీషన్‌కు తొందరెక్కువ.

చూసేవాళ్లను ఇంత చదివేది వాళ్లను మోసం చేయడానికి కాదు. కొనేవాడు మామూలుగా చూస్తే కనిపించని లోపం మనకు తెలిసి ఉంటే చెప్పి తీరాలని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షన్‌లోనే ఉంది. చట్టం సంగతి అలా ఉంచినా, చిన్న ఊళ్లలో కొన్నవాడు రేపు మనకు సంతలో ఎదురవుతాడు. బోరు వేసవిలో ఎండుతుందంటే ఎండుతుందని చెప్పండి. గది గదికీ తిప్పి వర్ణించకండి. మోటారు వేసి, మీరు అరుగుమీద కూర్చుని, వాళ్లను వాళ్ల ఇష్టానికి తిరగనివ్వండి.