అంకె వెనక పనితనం

లైనక్స్ కంప్యూటర్‌లో టెర్మినల్ తెరిచి ‘సెన్సర్స్’ అని కొడితే నాలుగైదు వరుసలు వస్తాయి. ‘కోర్ 0’ ఎదురుగా +62.0 డిగ్రీలు, పక్కన బ్రాకెట్లో హెచ్చు పరిమితి 80, ప్రమాద పరిమితి 100. గ్రాఫుల హంగేమీ ఉండదు. ఎల్ఎం-సెన్సర్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ తెర మీద చూపించేది ఇంతే. ఇంటెల్ ప్రాసెసర్లలో ఈ అంకెల్ని తెచ్చి ఇచ్చేది ‘కోర్‌టెంప్’ అనే చిన్న కెర్నల్ డ్రైవర్. 2007లో రూడాల్ఫ్ మారెక్ రాసిన ఈ డ్రైవర్ కోడ్ చదువుతుంటే, ఒక అంకెను బాధ్యతగా చెప్పడం ఎంత పనో తెలిసొస్తుంది.

ప్రాసెసర్ తన వేడి 62 డిగ్రీలని ఎక్కడా చెప్పదు. ప్రతి కోర్‌లోనూ సిలికాన్ మీదే ఉన్న డిజిటల్ సెన్సర్, గరిష్ఠ పరిమితికి ఇంకా ఎన్ని డిగ్రీల కింద ఉన్నామో మాత్రమే చెబుతుంది. చెరువులో నీళ్ల లోతు చెప్పకుండా, కట్ట అంచుకి ఇంకా ఎన్ని అడుగులుందో చెప్పినట్టన్నమాట. ఆ పరిమితి పేరు టీజేమ్యాక్స్. అది 100 అయి, రిజిస్టర్‌లో (ప్రాసెసర్‌లోని చిన్న నిల్వ గదిలో) ఇందుకు కేటాయించిన ఏడు బిట్లలో 38 కనబడితే, డ్రైవర్ తీసివేసి 62 అంటుంది. పరిమితికి దగ్గరయ్యేకొద్దీ ఈ సెన్సర్ మాటను ఎక్కువ నమ్మొచ్చు. ప్రాసెసర్ చల్లగా ఉన్నప్పుడు అంకె కాస్త అటూ ఇటూ ఉంటుంది.

తీసివేత ఎవరైనా చేస్తారు. ఆ 100 ఎక్కడిదన్న ప్రశ్న దగ్గరే పనితనం కనిపిస్తుంది. 2008లో వచ్చిన నెహాలెం తరం నుంచి ప్రాసెసర్లు తమ పరిమితిని మరో రిజిస్టర్‌లో చెబుతున్నాయి. అంతకుముందరి కోర్ 2 తరానికి ఆ వసతి లేదు. ల్యాప్‌టాప్ ప్రాసెసర్ అయితే డ్రైవర్ ఒక రిజిస్టర్‌లో 30వ బిట్ చూసి 85 డిగ్రీలో 100 డిగ్రీలో తేల్చుకుంటుంది. డెస్క్‌టాప్‌కి ఆ ఆధారమూ లేదు. అక్కడ 100 అనుకుని లెక్క వేస్తూనే, వాడుతున్నది సాపేక్ష కొలమానమని సిస్టమ్ లాగ్‌లో హెచ్చరిక రాస్తుంది. ఊహను కొలతగా చలామణీ చేయని ఈ ఒక్క వరుస కోసమైనా ఆ కోడ్ చదవాలి.

పొదుపూ ముచ్చటగా ఉంటుంది. ఒక కోర్ రిజిస్టర్‌ని ఆ కోరే చదవాలి. నిద్రలో ఉంటే లేపాలి. అంటే వేడి ఎంతని అడగడమూ దానికి పనే. కోర్‌టెంప్ ఒకసారి చదివిన విలువను సెకను పాటు ఉంచుకుని, ఈలోగా ఎన్ని ప్రోగ్రాములు అడిగినా దాన్నే ఇస్తుంది. ఆ విలువ ఒక ఫైల్లో 62000 అని ఉంటుంది: డిగ్రీలో వెయ్యో వంతుల లెక్క. కెర్నల్‌లో దశాంశాల జోలికి పోరు కనుక పూర్ణసంఖ్యలోనే పని జరుగుతుంది. గ్రాఫ్ గీసే ప్రోగ్రాములూ ఫ్యాన్ వేగం మార్చే ప్రోగ్రాములూ అదే ఫైల్ చదువుకుంటాయి.

ఏఎండీ ప్రాసెసర్లకు ఉన్న ‘కె10టెంప్’ డ్రైవర్‌ది కూడా ఇదే నిజాయితీ. మొదటి తరం రైజెన్ 7 1800ఎక్స్‌లో ఫ్యాన్ల నియంత్రణకు ఇచ్చే అంకె అసలు వేడికన్నా 20 డిగ్రీలు ఎక్కువ. ఈ డ్రైవర్ ఆ రెండింటినీ వేర్వేరు పేర్లతో చూపిస్తుంది.

మీ తెర మీద ఏ సాఫ్ట్‌వేర్ ఉన్నా సరే, వేడి అంకె చూసి కంగారుపడేముందు పరిమితికి ఇంకా ఎంత దూరముందో చూడండి. ఇంటెల్ ప్రాసెసర్లలోనైతే సెన్సర్ స్వయంగా చెప్పేది ఆ దూరాన్నే.