పచ్చికుండకు అతుకు

కాల్చిన కుండ పగిలితే పెంకులే. కాల్చని కుండ విరిగితే ఇంకా మట్టే, మళ్ళీ దారికొస్తుంది. మట్టిపని నేర్చుకోవడానికి వెళ్తున్నప్పటి నుంచి నన్ను పట్టి ఉంచింది ఈ వెసులుబాటే.

సారె మీంచి దిగిన కుండ కొంత ఆరాక వేలితో నొక్కితే వంగదు, గోటితో గీస్తే మాత్రం గీత పడుతుంది. అతుకు పెట్టడానికి అదే అదను. రెండు అంచులనూ సూదితో గరుకుగా గీకి, అదే మట్టిని పెరుగులా కలిపి రాసి, గట్టిగా అదిమితే చాలు. మన కుమ్మరులు పెద్ద కుండ అడుగును సారె మీద పూర్తి చేయరు. దించాక లోపల రాయి ఆనించి, పైన చెక్కతో కొడుతూ మూస్తారు. ఆ దెబ్బలకే మట్టి దగ్గరపడి సన్నని నెర్రెలు పూడిపోతాయి. అంత నమ్మకమైన మరమ్మతు నేనింకొకటి చూడలేదు.

చిక్కంతా పూర్తిగా ఎండాకే. ఆరేటప్పుడు మట్టి సుమారుగా 5 నుంచి 8 శాతం కుంచించుకుపోతుంది. ఎండిన కప్పు తగ్గాల్సినంత తగ్గిపోయింది, మనం పూసే తడిమట్టి ఇంకా తగ్గాలి. అందుకే రాత్రి చక్కగా అతుక్కున్న పిడి తెల్లారేసరికి మొదలు దగ్గర పగులు చూపిస్తుంది. దీనికి స్టూడియోల్లో ఒక ఉపాయం ఉంది: టాయిలెట్ పేపర్ నానబెట్టి, చిదిమి, ఆ గుజ్జును పలచని మట్టిలో కలుపుతారు. కాగితపు పీచు అతుకును బిగించి ఉంచుతుంది, బట్టీలో కాలిపోతుంది. నీళ్ళకు బదులు వెనిగర్ వాడేవాళ్ళూ ఉన్నారు. ఆ వాసన నాకు పడదు. ఏది వాడినా విరిగిన అంచులను ముందు తడపాలి, అతికాక ప్లాస్టిక్ కప్పి నింపాదిగా ఆరనివ్వాలి. ఫ్యాను కింద పెట్టారంటే పని మళ్ళీ మొదటికే.

నన్నడిగితే చాలాసార్లు బకెట్టే మేలు. బాగా ఎండిన ముక్కను నీళ్ళలో వేస్తే బుడగలు వదులుతూ చూస్తుండగానే కూలిపోతుంది. సగం తడిగా ఉన్నదే మొండికేస్తుంది. బట్టీలో 600 డిగ్రీలు దాటితే ఈ అవకాశం ఉండదు, ఆ మట్టి ఇక నీటికి కరగదు.

బొమ్మ చెయ్యి విరిగితే ఓపిగ్గా అతికించండి, దాని వెనక బోలెడు పని ఉంటుంది. అంచు చీలిన గిన్నెను మాత్రం నీళ్ళలో వేసేయండి. ఎండాక పిడి అతికించిన కప్పు బట్టీలోంచి క్షేమంగా వచ్చినా అందులో వేడి కాఫీ పోయకండి, పెన్నులు పెట్టుకోండి.