ముగింపు తెలిసిన యుద్ధం

రావణుడు చస్తాడని తెలిసే మన పెద్దలు తెల్లవార్లూ తోలుబొమ్మలాట చూశారు. అభిమన్యుడు పద్మవ్యూహంలోంచి బయటికి రాడని తెలిసే, విన్న ప్రతిసారీ కళ్ళొత్తుకున్నారు. ఏం జరుగుతుందో తెలిశాక ఇక ఉత్కంఠ ఏముంటుంది అని అడిగేవారికి ఆ రాత్రులే జవాబు. కథ చేరే చోటు తెలిసినప్పుడు, దారిలో ఎవరు ఎటు నిలబడతారన్న ప్రశ్న మరింత పదునెక్కుతుంది. అమెరికాలో ఒక నవలా శాఖ పూర్తిగా ఈ పునాది మీదే పెరిగింది. బైబిల్లోని ప్రకటన గ్రంథాన్ని యుద్ధ నవలగా మలిచిన క్రైస్తవ అంత్యకాల థ్రిల్లర్ల శాఖ అది. కోట్లమంది వాటిని చదివారు. చదివి భయపడ్డారు, ప్రార్థించారు, వాదించుకున్నారు. వాటిని తేలిగ్గా కొట్టిపారేయడం తగదని, కళ్ళుమూసుకుని నమ్మడం అంతకన్నా తగదని నా అభిప్రాయం.

ఈ కథలకు ఆధారమైన నమ్మకం ఇది: విశ్వాసులు ఒక్క క్షణంలో ఆకాశానికి ఎత్తబడతారు. మిగిలినవారికి ఏడేళ్ళ మహాశ్రమల కాలం. క్రీస్తు విరోధి లోకాన్ని ఏలతాడు. చివరికి హర్మెగిద్దోను యుద్ధం, ప్రభువు రాకడ. క్రైస్తవులందరూ ఈ వరుసను ఒప్పుకోరు. దీనికి ఈ రూపమిచ్చి ప్రచారం చేసినవాడు 19వ శతాబ్దంలో ప్లిమత్ బ్రదరన్ ఉద్యమ నాయకుల్లో ఒకడైన జాన్ నెల్సన్ డార్బీ. 1909లో వచ్చిన స్కోఫీల్డ్ వ్యాఖ్యాన బైబిల్ దాన్ని అమెరికా ఇళ్ళకు చేర్చింది. ఆ బ్రదరన్ ఉద్యమానికే చెందిన ఆంథొనీ నారిస్ గ్రోవ్స్ ప్రోత్సాహంతో 1836లో మన దేశానికి వచ్చిన బౌడెన్, బీర్ దంపతులు నరసాపురం కేంద్రంగా గోదావరి డెల్టాలో సేవ చేశారు. గ్రోవ్స్‌కూ డార్బీకీ మధ్య భేదాలు లేకపోలేదు. అయినా ‘రాకడ’, ‘ఎత్తబడుట’, ‘మృగం ముద్ర’ అన్న మాటలు మన ఉజ్జీవ సభల్లో వినని తెలుగు క్రైస్తవుడు అరుదు. కాబట్టి ఈ నవలల భాష మనకు పూర్తిగా పరాయిది కాదు.

ఈ నమ్మకానికి యుద్ధ కథ రూపం రావడంలో ప్రచ్ఛన్న యుద్ధం పాత్ర పెద్దది. 1970లో హాల్ లిండ్సే ‘ది లేట్ గ్రేట్ ప్లానెట్ ఎర్త్’ రాశాడు. అది నవల కాదు, ప్రవచనాలకు వ్యాఖ్యానం. యెహెజ్కేలు గ్రంథంలో ఉత్తర దిక్కు నుంచి దండెత్తే గోగు అంటే సోవియట్ రష్యాయే అన్నాడు. ప్రాచీన ప్రవచనం పక్కన నాటి సైనిక పటాన్ని పరిచి చూపే అలవాటు ఆ పుస్తకంతో ఇంటింటికీ పాకింది. 1972లో ‘ఎ థీఫ్ ఇన్ ది నైట్’ సినిమా వచ్చింది. ఒక యువతి నిద్రలేచేసరికి భర్త ఉండడు, అతని గడ్డం గీసుకునే యంత్రం మాత్రం ఇంకా మోగుతూ ఉంటుంది. చర్చిల్లో, యువజన శిబిరాల్లో ఆ బొమ్మ చూసిన పిల్లలెందరో, ఆ తర్వాత ఎప్పుడైనా ఇంటికొచ్చి అమ్మ కనిపించకపోతే గుండె జారిపోయేదని పెద్దయ్యాక చెప్పుకున్నారు.

ఆ నేలలోనే 1995లో ‘లెఫ్ట్ బిహైండ్’ మొలిచింది. ఆలోచన పాస్టర్ టిమ్ లాహే‌ది, రచన జెర్రీ జెంకిన్స్‌ది. అట్లాంటిక్ మీద ఎగురుతున్న విమానంలో ప్రయాణికులు కొందరు మాయమవుతారు. సీట్లలో వాళ్ళ బట్టలు మిగులుతాయి. ఒక్క పుస్తకంగా అనుకున్న కథ 12 సంపుటాలైంది, ముందుకథలూ తరువాయి కలిపి 16. అమ్ముడైన ప్రతులు 6 కోట్లు దాటాయి.

ఇంతమందిని కూర్చోబెట్టి చదివించిన పనితనం ఏమిటి? మొదటిది గడియారం. క్రీస్తు విరోధి ఇజ్రాయెల్‌తో ఒడంబడిక చేసుకున్న రోజున ఏడేళ్ళ లెక్క మొదలవుతుంది. ఆపై ప్రకటన గ్రంథంలోని ముద్రలు ఏడు, బూరలు ఏడు, దేవుని కోపం నిండిన పాత్రలు ఏడు. ఇరవై ఒక్క తీర్పులు వరసగా వస్తాయని పాఠకుడికి తెలుసు, కథలోని చాలామందికి తెలియదు. తెలిసినవాళ్ళు చెప్పినా ఇతరులు వినరు. సినిమా హాల్లో ‘వెనక్కి చూడరా’ అని అరిచే ప్రేక్షకుడి తహతహ ఆ పాఠకుడిది.

రెండోది, అద్భుతం పక్కన ఇనుమును నిలపడం. ఏ హెలికాప్టర్‌లో ఎందరు పడతారు, రేడియోలో ఏ దళాన్ని ఏ పేరుతో పిలుస్తారు, తూటా దెబ్బకు కట్టు ఎలా కడతారు అన్న వివరాలన్నీ సైనిక నవలలో గట్టిగా ఉంటాయి. ఆ వివరాలను నమ్మిన పాఠకుడు, వాటి మధ్యలో జరిగే మహిమనూ అదే ఊపులో నమ్ముతాడు.

మూడోది, నాలుగింటిలో గొప్పది, నాయకుడి ఎంపిక. ఈ కథల్లో నాయకుడు పరిశుద్ధుడు కాడు. మిగిలిపోయినవాడు. చర్చికి వెళ్ళాడు, విన్నాడు, రేపు చూద్దాంలే అనుకున్నాడు. పాఠకుడు తనను తాను చూసుకునేది అతనిలోనే.

ఈ శాఖలో పూర్తిగా సైనికుల కథ అనదగింది మెల్ ఓడమ్ 2003లో ‘అపొకలిప్స్ డాన్’తో మొదలుపెట్టిన వరుస. ‘లెఫ్ట్ బిహైండ్’ లోకంలోనే నడిచే అనుబంధ నవలలవి. టర్కీ–సిరియా సరిహద్దులో అమెరికన్ రేంజర్ల దళం, దానికి సార్జెంట్ గూస్. పోరు ముమ్మరంగా సాగుతుండగా పక్కనున్న సైనికులు మాయమవుతారు. జవాన్లు ఎందుకు పోయారో ఆలోచించే వ్యవధి లేదు, శత్రువు ఎదుటే ఉన్నాడు. ఉన్నవాళ్ళతోనే గీత కాయాలి. అక్కడ అమెరికాలో, జార్జియా రాష్ట్రంలోని సైనిక స్థావరంలో అతని భార్య మెగన్. వాళ్ళ చిన్న కొడుకు ఎత్తబడ్డాడు. కన్నవాళ్ళకు ఆ ఖాళీ పడక మిగిలింది.

ఇదే వరుసలో యుద్ధనౌక మీద పనిచేసే చాప్లెయిన్, అంటే సైనికుల పాస్టర్, డెల్రాయ్ హార్ట్ ఉన్నాడు. ఇతరులకు వాక్యం చెప్పినవాడే తాను మిగిలిపోయాడు. సైన్యంలో ప్రాణం పోగొట్టుకున్న కొడుకు సమాధి దగ్గరికి పార పట్టుకుని వెళతాడు. క్రీస్తునందు మృతులైనవారు ముందుగా లేస్తారన్నది నమ్మకం. కొడుకు లేచాడా, ఇంకా మట్టిలోనే ఉన్నాడా? తెలుసుకోకుండా ఆ తండ్రి ఉండలేడు. తెలిస్తే తట్టుకోగలడో లేడో చెప్పలేడు. సిద్ధాంతం ఒక తండ్రి అరచేతుల్లోకి బొబ్బలై దిగిన ఘట్టం ఇది. ఈ శాఖలో తుపాకులూ క్షిపణులూ ఎన్ని పేలినా, నన్ను ఆపేసింది ఆ పార చప్పుడే.

నాలుగోది దినపత్రికతో చుట్టరికం. జోయెల్ రోసెన్‌బర్గ్ ‘ది లాస్ట్ జిహాద్’ 2002లో వచ్చింది. హైజాక్ చేసిన విమానంతో అమెరికా అధ్యక్షుడి కాన్వాయ్ మీద దాడి చేయడం దాని ప్రారంభం. ఆ ఘట్టాన్ని 2001 సెప్టెంబరు 11కు ముందే రాశానని రచయిత చెప్పాడు. ఇక పాఠకులు అతని నవలలను వార్తల పక్కన పెట్టి చదవసాగారు. ఇది మనకు కొత్తేం కాదు. ఏ వింత జరిగినా ‘బ్రహ్మంగారు అప్పుడే చెప్పారు’ అని కాలజ్ఞానం తలుచుకునే ఊళ్ళు మనవి. గందరగోళంగా ఉన్న లోకానికి ఎవరో ముందే లెక్క రాసి పెట్టారన్న ఊరట రెండు చోట్లా ఒకటే.

పాఠకుల స్పందనను దగ్గరగా చూసినవారిలో ఎమీ జాన్సన్ ఫ్రైకోమ్ ఒకరు. ‘లెఫ్ట్ బిహైండ్’ పాఠకులతో మాట్లాడి 2004లో ‘రాప్చర్ కల్చర్’ రాశారు. ఒంటరిగా చదివి తలూపే జనం కారు వీళ్ళని ఆ పుస్తకం చూపింది. తల్లి కూతురికిస్తుంది, స్నేహితుడు స్నేహితుడికిస్తాడు, చర్చిలో దాని మీద మాటలు నడుస్తాయి. ఒకరు విశ్వాసం గట్టిపడిందంటారు, ఇంకొకరు కథ బాగుంది గానీ సిద్ధాంతం ఒప్పుకోనంటారు. పుస్తకం చేతులు మారినప్పుడల్లా అర్థమూ కొంత మారుతుంది.

అభ్యంతరాలూ బలమైనవే. లూథరన్ పండితురాలు బార్బరా రాసింగ్ 2004లో ‘ది రాప్చర్ ఎక్స్‌పోజ్డ్’లో ప్రకటన గ్రంథాన్ని వేరేగా చదివి చూపారు. ఆ గ్రంథంలో జయించేది వధింపబడిన గొర్రెపిల్ల. చంపి గెలిచింది కాదు, ప్రాణమిచ్చి గెలిచింది. అదే ఏడాది ‘లెఫ్ట్ బిహైండ్’ వరుసలో వచ్చిన ‘గ్లోరియస్ అప్పియరింగ్’లో మాత్రం క్రీస్తు నోటి మాటకే శత్రు సైనికులు కుప్పలుగా కూలుతారు. ఈ తేడా చిన్నది కాదు. పైగా బతికున్న దేశాలకు ప్రవచనంలో శత్రువుల వేషం కట్టినప్పుడు అక్కడి తల్లులూ పిల్లలూ కనిపించకుండా పోతారు. సోవియట్ యూనియన్ 1991లో చెదిరిపోయాక శత్రువు ముఖాలు మారాయి. 2005లో రోసెన్‌బర్గ్ ‘ది ఎజికీల్ ఆప్షన్’కు వచ్చేసరికి రష్యా పక్కన ఇరాన్ నిలిచింది. పటం మారినప్పుడల్లా శత్రువు చిరునామా మారుతోందంటే, ఆ చిరునామా రాస్తున్నది మనుషులేనని గుర్తించాలి.

అయినా ఈ శాఖకు విలువ ఉంది. అది జోస్యంలో లేదు. రేపు చూద్దాంలే అని దాటవేసిన మనిషి, ఆ రేపు వచ్చేశాక ఏం చేస్తాడన్న ప్రశ్నలో ఉంది. గూస్ పారిపోడు, మిగిలినవాళ్ళను కాస్తాడు. డెల్రాయ్ కొడుకు సమాధి తవ్వి సత్యాన్ని అడుగుతాడు. పశ్చాత్తాపానికి సమయం మించలేదని ఆ పుటలు చెబుతాయి. ఏ మతం వాడికైనా ఆ మాట అక్కరకొస్తుంది.

ఈ పుస్తకాలు చదివేవారికి నా మనవి ఒక్కటే. తేదీల కోసం, శత్రు దేశాల పేర్ల కోసం వెతకకండి. మిగిలిపోయినవాళ్ళు ఒకరినొకరు ఎలా చూసుకున్నారో చూడండి. పుస్తకం మూశాక, ఇంట్లో ఉన్నవాళ్ళతో చెప్పవలసిన మాట ఏదైనా మిగిలి ఉంటే ఈ రాత్రే చెప్పండి.