వెనక బండి

ముప్ఫై ఏళ్ళుగా తిరుమల కొండ మీదికి నా కారు నేనే నడుపుకుంటూ వెళుతున్నాను. కొండదారి నాకు వెన్నతో పెట్టిన విద్య అని ఇంట్లోవాళ్ళని నమ్మించాను, నేనూ నమ్మాను. ఆ నమ్మకం పోయినేడాది జూలైలో, బారాలాచా కనుమకు కాస్త దిగువన, ఒక వాగులో కొట్టుకుపోయింది.

కనుమ అన్నానని తూర్పు కనుమల వైపు చూడకండి. రెండు కొండల నడుమ దాటుకుపోయే సందుకు మన భాషలో ఉన్న అసలు పేరది. కొండల వరసనే కనుమలనడం తరువాత అలవాటైంది. లడఖీలో దానికి ‘లా’ అని ఒక్కటే అక్షరం. బారాలాచా లా, లాచులుంగ్ లా, తంగ్లాంగ్ లా. మనాలి నుంచి లేహ్ దాకా నాలుగు వందల పైచిలుకు కిలోమీటర్ల దారిలో ఇలాంటివి ఒకదాని తరువాత ఒకటి వస్తూనే ఉంటాయి.

తిరుమలలో ఎక్కే దారి వేరు, దిగే దారి వేరు. 1944 నాటి మొదటి ఘాట్ రోడ్డు ఇప్పుడు దిగడానికి, 1974లో వచ్చిన రెండోది ఎక్కడానికి. మలుపు తిరిగితే ఎదురుగా ఏముంటుందో అన్న బెంగ లేదు. లేహ్ దారిలో మలుపు తిరిగితే ఉండేది లారీయే. డీజిల్ ట్యాంకరో, సైన్యం ట్రక్కుల వరసో. ఒక పక్క కొండ, ఇంకో పక్క ఏమీ లేదు. అప్పుడు దిగేవాడు ఆగి ఎక్కేవాడికి దారివ్వాలి. ఊపు పోయిన బండిని ఎత్తులో మళ్ళీ కదిలించడం కష్టం కాబట్టి ఈ మర్యాద. మన మోటారు నిబంధనల్లోనే రాసి ఉంది. లైసెన్సు పుచ్చుకున్న మర్నాడే మనం మరిచిపోయిన వాటిలో ఇదొకటి. అక్కడి లారీ డ్రైవర్లు మరిచిపోరు. వంద గజాల అవతలే పక్కకి ఒదిగి, లైట్లు ఒకసారి కొట్టి, మనకోసం నిలబడతారు.

మేం మూడు కార్లు, పదకొండు మందిమి. ముందు బండి మా బావది. విజయవాడలో లారీలు తిప్పిన మనిషి, డీజిల్ బండి. మధ్యలో నేను. చివర మేష్టారు. లెక్కలు చెప్పి రిటైరయ్యారు. ఆయనది టర్బో లేని చిన్న పెట్రోలు కారు. ఎవరెంత చెప్పినా మార్చలేదు. హైదరాబాద్ నుంచి నాగపూర్, ఝాన్సీ, ఆగ్రాల మీదుగా మనాలికి నాలుగు రోజులు పట్టింది. ఆ నాలుగు రోజుల గురించి చెప్పడానికి నడుం నొప్పి తప్ప ఏమీ లేదు.

మనాలి దాటాక అటల్ సొరంగం. పొడవు 9.02 కిలోమీటర్లు. 2020 అక్టోబరు 3న తెరిచారు. అంతకుముందు 3,978 మీటర్ల రోహ్‌తాంగ్ కనుమ ఎక్కి దిగితే గాని లాహౌల్ లోయ కనపడేది కాదు. ఇప్పుడు దేవదారు అడవి ఇవతల, బోడి కొండలు అవతల, మధ్య పది నిమిషాల చీకటి. లాహౌల్ జనానికి ఇది ప్రాణం పోసిన సొరంగం. చలికాలమంతా మంచులో చిక్కుపడి ఉండేవాళ్ళు వాళ్ళు. మాలాంటి పైవాళ్ళకు మాత్రం ఒక చిన్న నష్టం జరిగిందనిపిస్తుంది. ఎత్తు మన బండినీ మన బుర్రనీ ఏం చేస్తుందో మొదటిరోజే చెప్పే పరీక్ష రోహ్‌తాంగ్. ఆ పరీక్ష రాయకుండానే పై తరగతికి వెళ్ళిపోతున్నాం.

చంద్ర, భాగ నదులు కలిసే తాండి దగ్గర పెట్రోలు పోయించుకుని, జిస్పాలో రెండు రాత్రులు ఉన్నాం. జిస్పా 3,200 మీటర్లు. అక్కడి నుంచి లేహ్‌కి ఒక్కరోజులో పోవాలని మా పథకం. లేహ్ 3,500 మీటర్లే. మధ్యలో ఐదు వేలు దాటినా పడుకునేది మళ్ళీ కిందే. ఎత్తుకి ఎక్కు, పల్లంలో పడుకో అని కొండలెరిగిన వాళ్ళు చెప్పేది ఇదే. మధ్య దారిలోని సర్చు గుడారాల్లో పడుకోవద్దని కూడా చెబుతారు. సర్చు 4,290 మీటర్లు. మూడు వేల మీటర్లు దాటాక పడుకునే ఎత్తు రాత్రికి ఐదు వందల మీటర్ల కన్నా పెరగకూడదన్నది వైద్యుల లెక్క. జిస్పా నుంచి సర్చుకి ఒక్క ఉరుకులో వెయ్యి దాటుతుంది. ఇవన్నీ నేనే చదివి, నేనే అందరికీ పాఠం చెప్పాను.

బయల్దేరాల్సింది తెల్లవారుజామున ఐదుకి. ఆలూ పరాఠాలూ, ఫొటోలూ అయ్యి బయటపడేసరికి తొమ్మిది. ఎత్తయిన కొండల్లో వాగుకి ఒక దినచర్య ఉంటుంది. రాత్రి మంచు గడ్డకట్టి ఉంటుంది గనక పొద్దున్నే పాదాలు తడిసేంత నీళ్ళు. ఎండెక్కిన కొద్దీ మంచు కరిగి, మధ్యాహ్నానికి అదే వాగు రాళ్ళని దొర్లించుకుంటూ వస్తుంది. హిమాచల్‌లో ఇలాంటి వాటిలో కొన్నిటికి పాగల్ నాలా అనే పేరు. పిచ్చి వాగు. మేం వెళ్ళేసరికి మా దారిలోని వాగుకి పిచ్చి బాగానే ముదిరింది.

వాగు దాటడం అంటే మొదటి గేరు, ఒకటే వేగం. మధ్యలో గేరు మార్చకూడదు, కాలు తీయకూడదు, సగం క్లచ్ నొక్కి ఆలోచించకూడదు. ముందు బండి పూర్తిగా ఒడ్డెక్కేదాకా వెనక బండి దిగకూడదు. బావ దాటాడు. నేను దాటాను. నీళ్ళు అద్దం మీదికి లేచి పడ్డాయి. కారులో పిల్లలు చప్పట్లు కొట్టారు. ఆ ఊపులో ఆగకుండా మలుపులెక్కేశాను. దాటినవాడు అవతలి ఒడ్డున నిలబడి తరువాతి బండి వచ్చేదాకా చూడాలన్నది నాకు తట్టనే లేదు.

కనుమ దాటాక భరత్‌పూర్ అని నాలుగు టీ గుడారాలుంటాయి. అక్కడ గ్లాసు చేతికి వచ్చాక బావ అడిగాడు.

“మేష్టారేరోయ్?”

“వెనకే ఉన్నారు బావా.”

“ఎప్పుడు చూశావు?”

నా దగ్గర జవాబు లేదు. ఫోన్లు జిస్పా దాటగానే మూగబోయాయి. అరగంట చూసి, మళ్ళీ 4,850 మీటర్ల కనుమ ఎక్కి దిగాను. వాగు మధ్యలో ఒక రాయి మీద ఒరిగి ఉంది చిన్న కారు. మేష్టారు మోకాళ్ళ దాకా తడిసి ఒడ్డున నిలబడ్డారు. ఆయన భార్య, మేం అక్కయ్యగారనే ఆవిడ, వెనక సీట్లోనే ఉన్నారు, సంచీ ఒళ్ళో పెట్టుకుని. ఒక లారీ డ్రైవరు అప్పటికే గొలుసు తగిలిస్తున్నాడు. లాగేశాక డబ్బిస్తే పుచ్చుకోలేదు. నా కారు కేసి ఒకసారి, నా కేసి ఒకసారి చూసి వెళ్ళిపోయాడు. తిట్టి ఉంటే బాగుండేది.

తప్పు కారుది కాదు, మేష్టారిదీ కాదు. ఎత్తుకి వెళ్ళేకొద్దీ గాలి పలచబడుతుంది. టర్బో ఉన్న ఇంజిను గాలిని కూరుకుని ఎలాగో నెట్టుకొస్తుంది. లేనిది దొరికిన గాలితోనే బతకాలి. “నూరు గుర్రాల్లో నలభై కిందే ఆగిపోయాయయ్యా” అన్నారాయన, చలికి పళ్ళు కొట్టుకుంటున్నా లెక్క వదలకుండా. సత్తువ లేని బండి రాయి ఎక్కలేక ఆగింది. ఆయన క్లచ్ నొక్కారు. అంతే. నేను అవతలి ఒడ్డున ఉంటే ఏ పక్కన రాయి లేదో చెయ్యి చూపించేవాణ్ణి. అయిదు నిమిషాల పని.

ఇంజినులోకి నీళ్ళు పోలేదు కాబట్టి కారు ఆరాక కదిలింది. నాలుగు గంటలు మాత్రం పోయాయి. చీకటి పడేసరికి సర్చు. వద్దనుకున్న చోటే పడక. తెచ్చుకున్న మురుకుల ప్యాకెట్లు తలగడల్లా ఉబ్బి ఉన్నాయి. అంత ఎత్తులో నీళ్ళు 86 డిగ్రీలకే మరిగిపోతాయి. కుక్కరు లేని గుడారంలో అన్నం మెతుకు మెతుకూ పలుకే. రాత్రి పదింటికి అక్కయ్యగారికి తలనొప్పి మొదలై తెల్లారేలోగా రెండు వాంతులయ్యాయి. ఆక్సిజన్ సిలిండరు పెట్టాం. కొంచెం తేరుకున్నారు. తలనొప్పి పోలేదు.

సర్చు ఎందుకు చెడ్డ చోటో పుస్తకం చెప్పినప్పుడు అర్థం కాలేదు, ఆ పొద్దున అర్థమైంది. ఎటు వెళ్ళాలన్నా ముందు పైకి ఎక్కాలి. లేహ్ వైపైతే ఇంకో మూడు కనుమలు, మధ్యలో 4,600 మీటర్ల పాంగ్. వెనక్కైతే ఒక్క బారాలాచా, ఆ తరువాత అంతా దిగుడే. తలనొప్పి ఉన్న మనిషిని పైకి తీసుకుపోకూడదు. సెలవులు అయిపోతున్నాయని ఇద్దరు గొణిగారు, ఒక కారు వెనక్కి వెళితే చాలదా అన్నారు. బావ వినలేదు. “మూడూ వచ్చాయి, మూడూ పోతాయి.” జిస్పా చేరాక ఆ సాయంత్రమే అక్కయ్యగారు పెరుగన్నం తిన్నారు.

అక్కడ ఆగిన రెండు రోజుల్లో బావ నాకు మళ్ళీ డ్రైవింగు నేర్పాడు, కారు కదపకుండానే. అంతా అద్దం గురించే. గుంపుగా పోయే లారీల్లో ముందు బండి సంగతి వెనకవాడు చూడనక్కర్లేదట, దానికి కళ్ళున్నాయి. వెనక బండి అద్దంలో కనపడకపోతే వేగం తగ్గించాలి. అప్పటికీ కనపడకపోతే ఆగాలి. నువ్వు ఆగితే నీ ముందువాడి అద్దంలో నువ్వు మాయమవుతావు, వాడూ ఆగుతాడు. ఫోను లేకుండా, వైర్లెస్ లేకుండా, కబురు చివరి బండి నుంచి మొదటి బండికి దానంతటదే పాకుతుంది. ఇంత తేలికైన ఏర్పాటు నేను ఇంకోటి చూడలేదు. నడపడం అంటే ఎదర చూడటం అని అన్నాళ్ళూ అనుకున్నాను. ఏ మలుపు ఎంత బాగా తిప్పానన్నదే లెక్క.

ఇంకో మార్పు కూడా చేశాడు. చిన్న కారు ముందు, నేను మధ్య, తను చివర. నీరసం బండి ముందుంటే గుంపు దాని వేగంతోనే పోతుంది, ఎవరూ వెనకబడరు. మూడోరోజు తెల్లవారుజామున నాలుగూ నలభై అయిదుకి బయల్దేరాం. అదే వాగు. టైరు సగం కూడా తడవలేదు.

సర్చు దాటాక గాటా లూప్స్ అని ఇరవై ఒక్క మలుపులు. అక్కడొక మలుపులో గుడిలాంటి చిన్న కట్టడం, దాని చుట్టూ వందల కొద్దీ నీళ్ళ సీసాలు. డ్రైవర్లు చెప్పుకునే కథ ఇది. ఎప్పుడో చలికాలం ముందర ఒక లారీ చెడిపోయింది. క్లీనర్ని బండికి కాపలా పెట్టి డ్రైవరు సాయం కోసం వెళ్ళాడు. మంచు పడి దారి మూసుకుపోయింది. తిరిగొచ్చేసరికి క్లీనరు చలికీ దాహానికీ పోయాడు. అప్పటి నుంచి దారినపోయేవాళ్ళు అతనికి నీళ్ళు పెడుతున్నారు. మేష్టారు కారాపారు. అక్కయ్యగారు దిగి ఒక సీసా పెట్టి వచ్చారు. నేను దిగలేదు. స్టీరింగు పట్టుకుని అద్దంలో బావ బండి వచ్చేదాకా చూస్తూ కూర్చున్నాను.

తంగ్లాంగ్ లా మీద, 5,328 మీటర్ల బోర్డు దగ్గర, పది నిమిషాలున్నాం. దానికన్నా ఖర్దూంగ్ లా ఎత్తని, దానికన్నా 2021లో రికార్డు కెక్కిన 5,798 మీటర్ల ఉమ్లింగ్ లా ఎత్తని పక్కన కుర్రాళ్ళు వాదించుకుంటున్నారు. ఎన్ని కనుమలు దాటామో లెక్కపెట్టుకోవడం నాకు ఎప్పుడూ పట్టలేదు, ఇప్పుడసలే పట్టడంలేదు. ఆ దారిలో నన్ను ఎక్కువ కట్టిపడేసింది ఆ ఎత్తులో తారు కాచి పోస్తున్న జార్ఖండ్ కూలీలు. 1960లో పుట్టిన సరిహద్దు రోడ్ల సంస్థ పసుపు బోర్డుల మీది చమత్కారాలని అందరూ ఫొటోలు తీస్తారు, వీళ్ళని తీయరు. దిగుడులో బావ చెప్పినట్టే ఎక్కిన గేరులోనే దిగాం. బ్రేకు కాలిన వాసన లేకుండా సింధు నది ఒడ్డుకి చేరాం. లేహ్‌లో కాలు పెట్టేసరికి రాత్రి ఏడున్నర.

చలికాలపు మంచు తీసేశాక ఈ దారి మళ్ళీ తెరుచుకుంటుంది. వెళదామనుకుంటున్నవాళ్ళు మీ గుంపులో అన్నిటికన్నా చిన్న బండి ఎవరిదో ఇప్పుడే కనుక్కోండి. దాన్ని ముందు పెట్టండి. జిస్పాలో ఫొటోలు ముందురోజే తీసేసుకోండి.