వీథిలోని స్త్రీలు: ఒక గ్రంథవిమర్శనము

మత్తుమందులకు లోనై వీథులలో దేహవిక్రయము చేయు స్త్రీలను గూర్చి లోకము చెప్పు కథలు రెండే. ఒకటి పతితురాలి కథ. రెండవది తెగించినదాని కథ. మొదటిదానికి కన్నీరును, రెండవదానికి సంకెళ్లును సిద్ధముగా నుండును. ఈ రెండును చాలవని చూపిన గ్రంథము లీసా మాహర్ రచించిన ‘సెక్స్‌డ్ వర్క్’ (1997).

న్యూయార్కు నగరమునందలి బ్రూక్లినులో నాడు బీదల నివాసమైన బుష్‌విక్ పేటయే యిందలి రంగము. 1980ల నాటికి క్రాక్ అను చవుక రకపు కొకెయిను అమెరికా నగరములలో వ్యాపించెను. గ్రంథకర్త్రి ఏండ్ల తరబడి ఆ వీథులలో మెలగి, ఆ స్త్రీల వృత్తాంతమును వారి నోటనే వినెను.

ఆమె యడిగిన ప్రశ్న సూటియైనది: మత్తుమందుల వర్తకములో స్త్రీలకు దొరకిన పని యేది? క్రాక్ రాకతో స్త్రీలకును అందు క్రొత్త యవకాశములు కలిగినవని కొందరు పండితులు వ్రాసియుండిరి. ఇచ్చట కానవచ్చినది వేరు. సరకు యజమానులు పురుషులు. అమ్మకమును నడపువారును ఇంచుమించు పురుషులే. స్త్రీలు బలహీనులనియు, నమ్మదగనివారనియు వారిని దూరముగా నుంచిరి. పోలీసుల దాడులచే మగవారు కొరవడినపుడు మాత్రము కొందరిని తాత్కాలికముగా పిలిచిరి. ఇక మిగిలినది వీథి. క్రాక్ వచ్చిన పిమ్మట అచ్చటను పోటీ పెరిగెను, వెల దిగజారెను, హింస హెచ్చెను. తెల్లజాతి స్త్రీకిని నల్లజాతి స్త్రీకిని దొరకు బేరము సమానము గాదు.

అయినను వీరు చేష్టలుడిగినవారు కారు. వెల తగ్గించిన తోటివారిని గర్హించిరి. కొందరు విటులను దోచుకొనిరి. గ్రంథకర్త్రి దీనిని కీర్తింపదు, దూషింపదు. దిగజారిన బ్రతుకునకు ప్రతిక్రియగా నిరూపించును. ఇందే గ్రంథముయొక్క బలమున్నదని మా యభిప్రాయము.

లోపములు లేకపోలేదు. సిద్ధాంతచర్చ బరువై, సామాన్యపాఠకుని గుమ్మముకడనే నిలిపివేయును. కొనువాడు లేనిదే అమ్మకము లేదుగదా! అయినను స్త్రీలపై నిలిపినంత దృష్టి విటులపై నిలుపలేదు. ఆ పురుషులెవరో, ఏ యిండ్లనుండి వచ్చిరో తెలిసికొనగోరిన పాఠకునకు తృప్తి కలుగదు.

ఇట్లయ్యు నిది సంస్కరణాభిలాషులు చదువదగిన గ్రంథము. నీతిబోధ వ్యసనమును మాన్పలేదు, కూలిని ఈయలేదు. శరణాలయముల గోడలును చాలవు. వానినుండి వెలువడిన స్త్రీకి వెనుకటి వీథి తప్ప వేరు త్రోవ కానరానిచో ఆ దయ యంతయు వ్యర్థమే. ఆమె యెట్లు పడెనని విచారించుటకు ముందు, ఆమె యెదుట ఏ తలుపులు మూయబడెనో, మూసినవారెవరో విచారింపవలెను.