రాతి మీద కవాతు

1836లో పారిస్‌లో అచ్చయిన ఒక లిథో బొమ్మలో చచ్చిపోయిన సైన్యం కవాతు చేస్తుంది. అర్ధరాత్రి, వెన్నెల. నెపోలియన్ గుర్రం మీద ఉంటాడు. ఆయన చుట్టూ ఆశ్వికదళాలు మంచులోంచి పుట్టుకొచ్చి మంచులోనే కరిగిపోతుంటాయి. ఆస్ట్రియా కవి జెడ్లిట్జ్ పద్యం ఆధారంగా గీసిన ఈ బొమ్మ పేరు ‘రాత్రి సమీక్ష’. గీసినవాడు ఒగ్యుస్త్ రఫే.

రఫే పుట్టింది 1804లో, నెపోలియన్ చక్రవర్తి అయిన ఏడాదే. వాటర్లూ యుద్ధం నాటికి పదకొండేళ్లవాడు. ఏ యుద్ధాలను గీసి పేరు తెచ్చుకున్నాడో, వాటిలో ఒక్కటీ సైనికుడిగా చూసినవాడు కాడు. చిన్నప్పుడే తండ్రి హత్యకు గురయ్యాడు. పొట్టకూటికి కొన్నాళ్లు చెక్కపని, తర్వాత పింగాణీ పాత్రల మీద బొమ్మలు వేసే పని చేశాడు. ఆ తర్వాత చిత్రకారుడు షార్లే దగ్గర చేరాడు. నెపోలియన్ పక్షపాతి అన్న కారణంగా 1816లో ఉద్యోగం పోగొట్టుకున్న షార్లే, ముసలి సైనికుల బొమ్మలతో ఊరంతటికీ తెలిసినవాడయ్యాడు. రఫే 1831లో చిత్రకారులకిచ్చే రోమ్ బహుమతికి పోటీపడి ఓడిపోయాడు. అది అతని అదృష్టమనే అంటాను. గెలిచి ఉంటే గ్రీకు వీరుల తైలవర్ణ చిత్రాలతోనే బతుకు వెళ్లిపోయేదేమో!

అతని అసలు బలం రాయి. 1790ల చివర మ్యూనిక్‌లో జెనెఫెల్డర్ కనిపెట్టిన లిథో పద్ధతికి, అంటే రాతి అచ్చుకు, బవేరియాలోని జోల్న్‌హోఫెన్ సున్నపురాయి కావాలి. పలకను ఇసుక, నీళ్లు పోసి మరో పలకతో నూరుతారు. ఎంత సన్నటి ఇసుకతో నూరితే గరుకు అంత సన్నం. దాని మీద కొవ్వు, మైనం, సబ్బు, మసి కలిపి చేసిన పెన్సిల్‌తో బొమ్మ వేస్తారు. పైన తుమ్మజిగురులో కాస్త నైట్రిక్ ఆమ్లం కలిపి పూస్తారు. ఆ తర్వాత రాయిని తడిపితే, గీత లేని చోట నీరు పట్టుకుంటుంది. గీత ఉన్న చోట, నూనె రాసుకున్న చేతి మీద నీళ్లు పోసినట్టు, నిలవదు. జిడ్డుసిరా పట్టిన రోలరు తిప్పితే సిరా గీతనే పట్టుకుంటుంది. కాగితం పరిచి ప్రెస్సులో లాగడమే తరువాయి. కుడి ఎడమలు తారుమారవుతాయి కనుక సైనికుడి కుడిచేతి కత్తిని రాయి మీద ఎడమచేతిలో పెట్టాలి.

రాగిరేకు చెక్కడంలో చిత్రకారుడి గీతకూ కాగితానికీ మధ్య చాలాసార్లు చెక్కుడు పనివాడు ఉండేవాడు. ఇక్కడ చెయ్యి నేరుగా రాతి మీదే. రఫే ఆ స్వేచ్ఛను గరుకు దగ్గర వాడుకున్నాడు. పెన్సిల్‌ను తేలిగ్గా నడిపితే గుంటల్లో తెలుపు మిగిలిపోతుంది, అదే అతని పొగమంచు. నల్లగా నింపిన చోట గీకుడు కత్తి పెడితే బాయ్‌నెట్ మొనలు మెరుస్తాయి. ముందు వరుసలో ముఖాలు, వెనుక టోపీలు, ఇంకా వెనుక వట్టి చుక్కలు. ఆ చుక్కలనే కన్ను వేలమంది అనుకుంటుంది.

హాస్యానికీ అతని దగ్గర కొదవ లేదు. ఒక బొమ్మలో విప్లవకాలపు సైనికులు నీళ్లలో దిగి నిలబడి ఉంటారు. చుట్ట కాల్చడానికి వీల్లేదు గానీ కూర్చోవడానికి అనుమతి ఉందని కింద రాసిన మాట! వానలో గొణుక్కుంటూనే చక్రవర్తి వెంట నడిచే సైనికుల బొమ్మా ఉంది. ఇలాంటివి గిహో సోదరుల దుకాణం ఆల్బమ్‌లుగా అమ్మేది. తైలవర్ణ చిత్రం కొనలేనివాడి చేతికీ ఇవి అందేవి. నెపోలియన్‌ను పాఠ్యపుస్తకాల కన్నా ముందు జనం మనసులో నిలిపినవాటిలో ఈ అచ్చుబొమ్మలూ ఉన్నాయి. 1848 డిసెంబరులో ఆయన తమ్ముడి కొడుకు లూయీ నెపోలియన్ అధ్యక్షుడిగా గెలిచాడంటే అందులో ఈ కాగితాల పాలు ఎంతో కొంత లేదనలేం. గొప్ప కళకు ఇలాంటి పర్యవసానాలూ ఉంటాయి.

ఆల్జీరియా బొమ్మల విషయంలో నాకు అభ్యంతరం ఉంది. 1836లో ఫ్రెంచి మార్షల్ క్లోజెల్ సేన కాన్‌స్టాంటీన్ నగరాన్ని పట్టుకోలేక వెనుదిరిగింది. ఆ తిరోగమనం మీద రఫే ఆరు లిథోలు వేశాడు. చతురస్రంగా నిలబడ్డ పటాలం ఎంత బాగా వచ్చిందో చెప్పలేను. కానీ ఇంటికి వచ్చిన దండును ఎదిరించిన ఆల్జీరియన్లు చాలావరకు చుట్టూ ముసిరిన గుంపుగానే మిగిలారు. ఫ్రెంచివాడికి ముఖం, ఎదుటివాడికి చుక్క.

1837లో రఫే దెమిదోవ్ ప్రభువు వెంట దక్షిణ రష్యా, క్రిమియా తిరిగాడు. ఆ యాత్రాగ్రంథానికి వేసిన బొమ్మల్లో తాతార్ల వేషం, బజారు, ముఖాలు శ్రద్ధగా కనబడతాయి. శత్రువు కానివాణ్ణి చూసే తీరు వేరు మరి. రఫే 1860లో జెనోవాలో పోయాడు.

మనకూ ఈ రాళ్లు కొత్తేం కాదు. 1894లో బొంబాయిలో మొదలైన రవివర్మ ప్రెస్సు లక్ష్మీ సరస్వతుల పటాలు ఇదే విద్యతో, రంగుకో రాయి చొప్పున అచ్చయ్యాయి. రఫేకి మాత్రం చాలాసార్లు ఒక్క రాయి, ఒక్క నలుపే చాలింది. ఆ నలుపు నమ్మకమైనది కాదు. కాపీలు లాగే కొద్దీ సన్నటి బూడిదరంగు చుక్కలు అరుగుతాయి, పని అయ్యాక రాయిని నూరి కొత్త బొమ్మకు వాడేస్తారు. అందుకే రఫే అచ్చు కనబడితే ముందు గుర్రాలను కాదు, మంచును చూడాలి. అది పలచగా, గచ్చులా తెల్లగా ఉంటే ఆ కాపీ ఆలస్యంగా లాగింది.