ఉన్న మనిషిని ఉన్నట్లు సాగనంపడం

మరణించిన మనిషిని సాగనంపేందుకు తెలుగు సమాజం ప్రధానంగా ఎరిగిన పద్ధతులు రెండు: పురోహితుని చేతుల మీదుగా రోజుల తరబడి సాగి పెద్దకర్మతో ముగిసే కర్మకాండ ఒకటి, దాని వెంట గాని దానికి బదులుగా గాని జరిగే సంస్మరణ సభ మరొకటి. సంస్మరణ సభ అంటే, పోయినవారి చిత్రపటానికి పూలదండ వేసి, కాసేపు మౌనం పాటించి, మిత్రులూ సహోద్యోగులూ ఒకరి తరువాత ఒకరు లేచి మాట్లాడే సమావేశం. విశాఖపట్నంలో ద్వారకానగర్ పౌర గ్రంథాలయంలోనూ, డాబాగార్డెన్స్ అల్లూరి విజ్ఞాన కేంద్రంలోనూ ఇటువంటి సభలు తరచుగా జరుగుతుంటాయి. కర్మకాండకు మంత్రం సిద్ధంగా ఉంటుంది, గోత్రం పేరూ మనిషి పేరూ చేరిస్తే చాలు. సభకు అటువంటి పాఠమేదీ లేదు కనుక, ఎవరిని గురించి మాట్లాడుతున్నారో ఆ మనిషిని మాటలతోనే నిలబెట్టవలసిన బాధ్యత వక్తలపై పడుతుంది.

ఆ బాధ్యత సక్రమంగా నెరవేరే సందర్భాలు తక్కువ. చచ్చినవాడి కళ్లు చారెడు అని సామెత. బతికుండగా ఎవరూ పట్టించుకోని మనిషికి పోయాక లేని గొప్పలన్నీ అంటగట్టే అలవాటును అది ఎత్తిచూపుతుంది. మృదుస్వభావి, అజాతశత్రువు, తీరని లోటు అన్న మూడు మాటలతో ఏ వక్తయినా ఏ సభనైనా దాటవేయగలడు. రివాజు ప్రకారం బతికినవారికి వీటివల్ల జరిగే నష్టం కొద్దిపాటిదే. కులం కాదని పెళ్లి చేసుకున్నవారు, పెళ్లే లేకుండా కలిసి బతికినవారు, దేవుణ్ణి నమ్మనివారు, స్థిరమైన ఉద్యోగాన్ని వదులుకుని నాటకం కోసమో ఉద్యమం కోసమో తిరిగినవారు పోయినప్పుడు మాత్రం ఈ పొగడ్తలే వారి జీవితాన్ని చెరిపివేస్తాయి. ముప్పై ఏళ్లు కలిసి బతికిన సహచరి గుంపులో వెనక నిలబడుతుంది. ఏనాడూ గడప తొక్కని అన్న కొడుకో తమ్ముడి కొడుకో తలకొరివికి ముందుకు వస్తాడు. ఆ మనిషి జీవితమంతా కాదనుకున్న కట్టుబాట్లన్నీ, అతడు ఎదురు చెప్పలేని రోజు చూసుకుని తిరిగి వచ్చి చేరడం ఘోరమైన అన్యాయం.

ఈ విషయంలో తెలుగువారికి దారి చూపినవాడు విశాఖలో పుట్టిన కవి శ్రీశ్రీయే. ఉదయిని పత్రిక నడిపిన కొంపెల్ల జనార్దనరావు 1937లో చిన్న వయసులోనే మరణించినప్పుడు శ్రీశ్రీ రాసిన స్మృతి కవితలో ఆ మిత్రుణ్ణి మహాపురుషుణ్ణి చేసే ప్రయత్నం కనిపించదు. అతడి కష్టం, అతడి పట్ల లోకం చూపిన నిర్లక్ష్యం, అతడు పోయిన రోజున కూడా ఎవరి పనుల్లో వారు మునిగి ఉండడం సూటిగా చెప్పబడ్డాయి. 1950లో పుస్తకంగా వెలువడిన మహాప్రస్థానాన్ని శ్రీశ్రీ ఆ మిత్రునికే అంకితమిచ్చాడు. తన ఆత్మకథాత్మక రచన అనంతంలో తాగుడునూ, స్త్రీలతో సంబంధాలనూ అతడు దాచుకోలేదన్నది గుర్తుంచుకుంటే, బీచ్ రోడ్డులోని అతడి విగ్రహం దగ్గర ఏటా జరిగే నివాళుల్లో ఆ ప్రస్తావన లేకుండా జాగ్రత్తపడటం అతడికి చేసే మర్యాద అనిపించుకోదు.

1933లో ఓడరేవు మొదలైనప్పటి నుంచీ, 1966 ఉక్కు ఉద్యమం తరువాత కర్మాగారం వచ్చాక మరింతగానూ, విశాఖ బయటి ఊళ్ల నుంచి వచ్చినవారితో పెరిగిన నగరం. ఇక్కడ చాలామందికి ఆపదలో ముందుగా చేరేది బంధువులు కాదు, యూనియన్‌వారూ క్వార్టర్ల పక్కింటివారూ. షిఫ్టు దిగి తిన్నగా వచ్చిన కార్మికులు భౌతికకాయంపై ఎర్రజెండా కప్పి, జోహార్లు పలికి, పాట పాడుతూ అంతిమయాత్రలో నడవడం ఈ ఊరికి కొత్త కాదు. జయగోపాల్ 1972లో ఇక్కడ స్థాపించిన భారత నాస్తిక సమాజం వంటి సంస్థల ప్రచారం కూడా కర్మకాండ లేని వీడ్కోలుకు బలమిచ్చింది.

ఈ వీడ్కోలు కొందరి విషయంలో శ్మశానం దాకా వెళ్లదు. 1923లో మొదలైన ఆంధ్ర వైద్య కళాశాలకు దేహాన్ని అప్పగించినప్పుడు, శరీర నిర్మాణ శాస్త్ర విభాగంవారు సాధారణంగా తొడలోనో మెడలోనో ధమనిని తెరిచి, దాని గుండా ఫార్మలిన్ కలిసిన ద్రవాన్ని ఒళ్లంతా ఎక్కిస్తారు. కుళ్లకుండా గట్టిపడిన ఆ దేహం వద్దనే మొదటి సంవత్సరం విద్యార్థులు కండరాన్నీ నాడినీ వేళ్లతో తడిమి గుర్తుపట్టడం నేర్చుకుంటారు. నేత్రదానానికైతే మరణించిన ఆరు గంటల లోపు కార్నియా, అంటే కంటి ముందుభాగంలోని పారదర్శకమైన పొర, సేకరించాలి. 2024 సెప్టెంబరులో సీపీఎం నేత సీతారాం ఏచూరి భౌతికకాయాన్ని ఢిల్లీ ఎయిమ్స్‌కు అప్పగించినప్పుడు, అతడి రాజకీయాలతో పాటు సిగరెట్టునూ, పాత హిందీ పాటలనూ, హాస్యాన్నీ కూడా మిత్రులు తలుచుకోవడంలో ఒక నిండుదనం ఉంది.

నిజం చెప్పడమంటే తప్పులు ఏకరువు పెట్టడం కాదు. బ్రిటన్‌లో మతరహిత అంత్యక్రియలు నడిపే హ్యూమనిస్టు నిర్వాహకులు ముందుగా ఇంటికి వెళ్లి, మిత్రులతోనూ కుటుంబంతోనూ కూర్చుని, ఆ మనిషికి ఏది ఇష్టమో, దేనికి కోపం వచ్చేదో, ఎవరితో ఎందుకు మాటలు లేవో అడిగి తెలుసుకుని, ఆ తరువాతే ప్రసంగం రాస్తారు. మన సభల్లో ఈ పని దాదాపు జరగదు. చేతికి మైకు వచ్చాక ఆలోచించేవారే ఎక్కువ. పోయినవాడు అప్పు తీర్చడంలో ఆలస్యం చేసేవాడన్న మాట, అతడు ఆ డబ్బు ఎవరి ఆసుపత్రి ఖర్చుకు ఇచ్చాడో తెలిసినవారు చెబితే నింద కాదు, పరిచయం. సహచరిని పేరు పెట్టి పిలిచి, ముందు వరుసలో కూర్చోబెట్టి, మొదటి మాట ఆమెతోనే చెప్పించడం మరే ప్రసంగం కన్నా ముఖ్యమైన పని.

బతికుండగా అంగీకార పత్రంపై సంతకం చేసినా, మరణం తరువాత దగ్గరి బంధువులు ఒప్పుకోకపోతే దేహదానం ఆగిపోతుంది. కాబట్టి తమ దారిన తాము బతికినవారు ఆ పత్రం నకలును కుటుంబానికీ, నమ్మకమైన ఒక మిత్రునికీ ఇప్పుడే ఇచ్చి, తమ సభలో ఎవరు మాట్లాడాలో, ఏది దాచవద్దో కూడా దానితో పాటే రాసిపెట్టాలి.